బావగారి బోషాణం

మా బావగారికి తెనాలిలో ఫోటో స్టూడియో వుంది. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళిపందిరి వేశారంటే దాని కింద బావగారి కెమేరా వుండవలసిందే. 2004లో ఆయన ఫిల్ము కెమేరాకి స్వస్తి చెప్పి డిజిటల్ కెమేరా చేతపట్టారు. అది మొదలు తీసిన ప్రతి బొమ్మా స్టూడియో వెనకగదిలో, అటక కింద, ఒక నల్లటి పెట్టెలో వుంటుంది. తెలిసినవాళ్ళు దాన్ని 'నాస్' అంటారు. అంటే మరేమీ లేదు. ఏ ఒక్క కంప్యూటరునూ అంటిపెట్టుకోకుండా, వైరు ద్వారా నెట్‌వర్కులో కూర్చుని, అడిగిన కంప్యూటరుకల్లా అడిగిన ఫైలు అందించే డిస్కుల పెట్టె. బావగారు మాత్రం దాన్ని 'బోషాణం' అంటారు. వాళ్ళ తాతగారి యింట్లో దస్తావేజులూ, ఇత్తడి సామానూ దాచిన టేకు బోషాణం ఒకటి వుండేదట. చిన్నతనంలో దాని మీద పడుకునే ఆయన ఎక్కాలు వల్లించారట.

ఆ పెట్టె విలువ ఎంతో నాకు ఒక సంఘటన దాకా తెలిసిరాలేదు. ఒకనాడు స్టూడియోలో కూర్చుని వుండగా ఒకావిడ వచ్చింది. 2012లో ఆవిడ పెళ్ళికి బావగారే ఫోటోలు తీశారు. ఆల్బము చెదలు పట్టిపోయింది. తండ్రి పోయి నాలుగేళ్ళయింది. పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేటప్పుడు ఆయన తలెత్తి నవ్విన ఫోటో ఒకటి వుండాలి, అది కావాలన్నది. బావగారు రెండు నిమిషాల్లో వెతికి తెర మీద చూపించారు. ఆవిడ ధర అడగడం కూడా మరిచిపోయి చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

పెట్టె 2013లో కొన్నది. నాలుగు డిస్కులు. వాటిలో ఏ ఒకటి చెడినా సరుకు పోని ఏర్పాటు వుంది. దాన్ని 'రెయిడ్' అంటారు. 1988లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఈ పద్ధతిని వివరిస్తూ వ్యాసం ప్రకటించారు. సూత్రం చిన్నపిల్లలకు కూడా బోధపడుతుంది. మూడు డిస్కుల్లో 7, 5, 9 అని వున్నాయనుకోండి. నాలుగోదానిలో మొత్తం 21 అని రాసి వుంచుతారు. 5 చెరిగిపోతే మిగతా వాటిని 21లోంచి తీసివేసి పోయినదాన్ని రాబట్టుకోవచ్చు. నిజంగా చేసే లెక్క కూడిక కాదుగాని వరస ఇదే. అయితే ఒకటి పోతేనే ఈ వైభవం. రెండో డిస్కు కూడా పోయిందా, ఎవరూ ఏమీ చేయలేరు.

2024 వేసవిలో మూడో డిస్కు మీద పెట్టె రోజూ ఒక హెచ్చరిక చూపించడం మొదలుపెట్టింది. అదృష్టమేమంటే ఆ మే, జూన్ నెలల్లో మూఢం. ముహూర్తాలు లేవు, స్టూడియోకి తీరిక. పదకొండేళ్ళ పెట్టెకి కొత్త డిస్కు వేయడం కంటే కొత్త పెట్టె కొనడమే మేలని నిర్ణయించారు. నేను గుంటూరులో వుంటాను. కంప్యూటర్లంటే కాస్త చెయ్యి తిరిగినవాణ్ణని మా బంధువుల్లో ఒక అపప్రథ వుంది. కనుక కబురు నాకు వచ్చింది.

"ఏముందోయ్! పాతదానిలో డిస్కులు తీసి కొత్తదానిలో దోపెయ్. అరగంట పని" అన్నారు బావగారు.

ఒకే కంపెనీ పెట్టెలైతే కొన్నిటికి అలా కుదురుతుంది. ఈ రెండూ వేరు కంపెనీలవి. కొత్త పెట్టె పాత డిస్కులను చూడగానే "ఇవి తుడిచి సిద్ధం చేయనా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. ఆ ప్రశ్నకి తొందరపడి 'ఊఁ' అన్నవాళ్ళు దేశంలో ఎందరున్నారో! అందుచేత రెండు పెట్టెలనూ పక్కపక్కన పెట్టి, వైరు కలిపి, ఒకదానిలోంచి రెండోదానిలోకి కాపీ చేయడమే క్షేమమన్నాను. సరుకు 6 టెరాబైట్లు. పాత పెట్టె సెకండుకి 45 మెగాబైట్లకు మించి యివ్వలేకపోతోంది. లెక్క వేస్తే 37 గంటలు. శనివారం సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టాము.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

పాత పెట్టెకి ఒక అలవాటు వుండేది. ప్రతి రాత్రీ రెండు గంటలకు, ఆనాడు తనలో జరిగిన మార్పులను గుంటూరులో మా యింట్లో వున్న ఒక చిన్న పెట్టెకి ఇంటర్నెట్టు ద్వారా పంపేది. స్టూడియోలో నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా రెండో ప్రతి మా దగ్గర వుండాలని అయిదేళ్ళ కిందట నేనే చేసిన ఏర్పాటు అది. రెయిడ్ వుండగా మళ్ళీ ఇదెందుకని మీరు అడగవచ్చు. రెయిడ్ డిస్కు చెడినప్పుడు కాపాడుతుంది. చేతులారా చెరిపితే అన్ని డిస్కుల్లోనూ ఒక్కసారే చెరుగుతుంది.

కాపీ సాగుతూ వుంది. ఊరికే కూర్చోవడం ఎందుకని ఆ రాత్రి ఏర్పాటును పాత పెట్టెలో తీసేసి కొత్త పెట్టెలో పెట్టాను. 'ఇక్కడ లేనివి అక్కడ కూడా చెరుపు' అనే గడిలో, పాతదానిలో వున్నట్టే, టిక్కు కొట్టాను. అక్కయ్య పెట్టిన గోంగూరపచ్చడి అన్నం తిని, రైలెక్కి గుంటూరు వచ్చి పడుకున్నాను.

తెల్లవారి కాఫీ తాగుతూ మా యింట్లో చిన్న పెట్టె సంగతి చూశాను. 2004 నుంచి 2010 దాకా వున్నాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

రాత్రి రెండు గంటలకు కొత్త పెట్టె తన పని తాను చేసింది. అప్పటికి దాని లోపలికి చేరింది 2010 దాకానే. తనలో లేనివన్నీ చెరపమని నేను టిక్కు కొట్టాను గదా! పద్నాలుగేళ్ళ పెళ్ళిళ్ళు, 4 టెరాబైట్ల పైచిలుకు, నమ్మకస్తుడైన నౌకరులా శుభ్రంగా తుడిచిపెట్టింది. పంపేటప్పుడు 'ఒక విడతలో ఇన్నింటికి మించి చెరపవద్దు' అని హద్దు పెట్టే సదుపాయం వుంది. నేను పెట్టలేదు. స్నాప్‌షాట్ అని, ఏనాటి స్థితిని ఆనాడు జ్ఞాపకం వుంచుకునే ఏర్పాటు వుంది. మా చిన్న పెట్టెకి అది లేదు. అంటే ఆ క్షణాన ఆ పద్నాలుగేళ్ళ సరుకుకి లోకంలో వున్న పూర్తి ప్రతి ఒక్కటే: తెనాలిలో, అటక కింద, మూడో డిస్కు మూలుగుతున్న ఆ ముసలి పెట్టెలో.

మొదట టిక్కు తీసేశాను. బావగారికి ఫోను చేయబోయి మానేశాను. మధ్యాహ్నం ఆయనే చేశారు.

"పెట్టె కీచుమంటోందోయ్! ఎర్రదీపం వెలిగింది. ఆపమంటావా?"

మూడో డిస్కు పోయింది. నా చేతిలో అన్నం ముద్ద అలాగే వుండిపోయింది. ఆపాలా, వద్దా? చెడిన డిస్కు స్థానంలో కొత్తది వేస్తే పెట్టె దాన్ని నింపడానికి మిగిలిన మూడు డిస్కులనూ మొదటినుంచి చివరిదాకా చదవాలి. అదే వయసు, అదే ఎండ, అదే ధూళి తిన్న డిస్కులవి. ఆ శ్రమ ఏదో కాపీకే పడనిస్తే మేలు కదా అనిపించింది. "ఆపకండి బావగారూ, ముట్టుకోకండి, నేను వస్తున్నాను" అని బయలుదేరాను.

వెళ్ళేసరికి అక్కయ్య టేబుల్‌ఫాను తెచ్చి పెట్టెకి ఎదురుగా పెట్టి వుంది. పిల్లాడికి జ్వరం వస్తే విసిరినట్టు దాని పక్కనే కూర్చుంది. కరెంటు పోతే ఆదుకోవాలని ఇన్వర్టరు తీగ కూడా లాగించింది. ఆ ఆదివారం రాత్రి నేను నిద్రపోలేదు. తెర మీద ఏడాది తర్వాత ఏడాది దాటుతూ వుంది. 2012 వచ్చింది. ఆవిడ తండ్రి నవ్వు గుర్తుకొచ్చి, ఆ ఫోల్డరు దాటేదాకా కళ్ళు తిప్పలేదు. చెడిన డిస్కు వంతు లెక్కకట్టి ఇవ్వవలసి వచ్చి ముసలిది నెమ్మదించింది. 37 గంటలనుకున్నది 44 అయి, సోమవారం మధ్యాహ్నం రెండింటికి ముగిసింది.

"అయిపోయినట్టేనా?" అన్నారు బావగారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అసలు పని అప్పుడే మొదలైంది. ఫైళ్ళు మోయడం కూలిపని. ఎవరు ఏది తెరవవచ్చు, ఎవరు ఏ చిరునామాకి వచ్చి అడుగుతారు అన్న ఇంగితం పాత పెట్టె పదకొండేళ్ళు కడుపులో పెట్టుకుని వుంది. అది ఫైళ్ళతో పాటు రాలేదు.

మొదటి చిక్కు చిరునామాది. స్టూడియోలో కంప్యూటర్లన్నీ పెట్టెని 192.168.1.10 అనే నంబరు దగ్గర వెతుకుతాయి. కొత్త పెట్టెకి రౌటరు తన యిష్టం వచ్చిన నంబరు, 37, ఇచ్చింది. ఇల్లు మారినవాడి కోసం పోస్టుమాను పాత గుమ్మం ముందే నిలబడ్డట్టయింది. పాతదాని నంబరూ, పేరూ కొత్తదానికి పెడితే సరిపోతుంది. కాని రెండిటికీ ఒకే నంబరు వుండగా రెండూ వెలుగుతూ వుండకూడదు. ముందు పాతదానికి వేరే నంబరు మార్చి, తర్వాతే కొత్తదానికి ఇచ్చాను. అయినా బావగారి కంప్యూటరు లోపలికి పోనంటుంది. ఏమంటే అది పాత పాస్‌వర్డు జ్ఞాపకం పెట్టుకుని, అడగకుండానే దాన్ని చూపించి తిట్లు తింటోంది. ఆ జ్ఞాపకాన్ని వెతికి చెరిపి, కొత్త పాస్‌వర్డు కొట్టేసరికి తలుపు తీసింది.

తలుపు తీసింది గాని, లోపల మరో వింత. బావగారి బాకీల పద్దు బావగారికే తెరుచుకోలేదు. ఆల్బములు కూర్చే కుర్రవాడికి చక్కగా తెరుచుకుంది. వాడు అందులో తన పేర అడ్వాన్సు ఎంత రాశారో చూసి, "రెండు వందలు ఎక్కువ వేశారండీ" అన్నాడు.

సంగతి ఏమంటే, ఇలాంటి పెట్టెలు ఫైలు యజమానిని పేరుతో గుర్తుపెట్టుకోవు, అంకెతో గుర్తుపెట్టుకుంటాయి. పాత పెట్టెలో బావగారు 1001, అక్కయ్య 1002, కుర్రవాడు 1003. కొత్త పెట్టెలో పేర్లు నమోదు చేయకుండానే నేను కాపీ మొదలుపెట్టాను. పేర్లు ముందే వుంటే కాపీ చేసే కార్యక్రమం పేరుకి పేరు చూసి సరిపెట్టేది. లేవు గనుక వట్టి అంకెలే తెచ్చి పడేసింది. తర్వాత ఖాతాలు తెరిచేటప్పుడు ఎదురుగా కూర్చున్న కుర్రవాడి పేరు మొదట కొట్టాను. వాడు 1001 అయ్యాడు. బావగారు 1002 అయ్యారు. అంటే అక్కయ్య దస్త్రాలు బావగారికి తెరుచుకున్నాయి. ఆ దస్త్రాల్లో చీటీ లెక్కలు వున్నాయి. అక్కయ్య రెండేళ్ళుగా ఒక చీటీ కడుతున్నదనీ, పాడి గాజులు చేయించుకున్నదనీ బావగారికి ఆ పూట తెలిసింది. ఆ తర్వాత కాసేపు వెనకగదిలో ఏం జరిగిందో మన వ్యాసానికి సంబంధం లేదు.

అంకెలు దిద్దడంలో కూడా ఒక కిటుకు వుంది. 1001 వారివన్నీ తిన్నగా 1002కి మార్చారనుకోండి, మొదటినుంచీ 1002గా వున్నవాటితో కలిసిపోయి ఏది ఎవరిదో తెలియదు. రెండు చెంబుల్లో పాలూ మజ్జిగా తారుమారు చేయాలంటే మూడో చెంబు కావాలి గదా! వాడుకలో లేని ఒక అంకెకి ముందు తరలించి, అక్కడినుంచి వెనక్కి తెచ్చాను.

ఈ కాపీ కార్యక్రమం గురించి ఒక మాట. దాని పేరు ఆర్‌సింక్. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన పాల్ మెకెరాస్‌తో కలిసి రాశాడు. అంతకుముందు, 1992 ప్రాంతంలో, ఈ ట్రిడ్జెలే విండోస్ కంప్యూటర్లు మాట్లాడే ఎస్.ఎమ్.బి. అనే భాషను యూనిక్సు జాతి యంత్రాలకు నేర్పే కార్యక్రమం రాసి ఉచితంగా పంచాడు. దానికి పేరు కావలసి వచ్చి, ఎస్, ఎమ్, బి అక్షరాలు వరసగా వచ్చే మాటల కోసం పదాల పట్టికలో వెతికితే 'సాంబా' దొరికిందట. ఈనాడు ఇలాంటి ఇంటిపెట్టెలు చాలావాటిలో పనిచేసేది ఆ సాంబాయే. మన సాంబయ్యలకూ ఆయనకూ చుట్టరికం లేదు.

ఆ ఎస్.ఎమ్.బి. భాషే తర్వాతి చిక్కు. స్టూడియోలో ఫోటోలు అచ్చువేసే యంత్రానికి ఒక పాత కంప్యూటరు వుంది, విండోస్ ఎక్స్‌పీది. ఆ యంత్రపు సాఫ్ట్‌వేరు దానిమీద తప్ప పనిచేయదు. ఎక్స్‌పీకి తెలిసింది ఆ భాషలో మొదటి తరం ఒక్కటే. కొత్త పెట్టె ఆ యాసలో పలకరిస్తే వినిపించనట్టు వూరుకుంటుంది. ఊరుకోవడానికి కారణం వుంది. 2017 మే నెలలో 'వానాక్రై' అనే దుష్ట కార్యక్రమం ఆ మొదటి తరంలోని లొసుగులోంచి దూరి, సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆ ఏడాది చివరనుంచి విండోస్‌లో కూడా ఆ తరాన్ని మామూలుగా పెట్టడం మానేశారు. కొత్త పెట్టెలో ఒక మీట నొక్కితే పాతభాష మళ్ళీ వినిపిస్తుంది.

"నొక్కవోయ్, పనికావాలి" అన్నారు బావగారు.

నేను ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళ సరుకు వున్న యింటికి వెనకతలుపు తీసి వుంచడం నాకిష్టం లేదు. అచ్చువేయవలసినవి పెన్‌డ్రైవులో వేసుకుని ఆరడుగులు నడిచి ఇవ్వమన్నాను. దీనిమీద ఆయనకి నామీద యిప్పటికీ కోపమే.

ఇక ఐత్వం కథ. పని తొందరగా అవుతుందని, 2016 ఆల్బములను కుర్రవాడు తన మాక్ కంప్యూటరు డిస్కులోంచి కొత్త పెట్టెలోకి ఎక్కించాడు. తర్వాత పెద్ద కాపీలో అవే మళ్ళీ వచ్చాయి. ఒకే పేరుంటే ఒకదానిలో ఒకటి కలిసిపోవాలి. కలిశాయి కూడా, ఒక్క 'వైశాఖం' తప్ప. అది మాత్రం జాబితాలో రెండుసార్లు, అక్షరం పొల్లుపోకుండా ఒకేలా కనిపిస్తోంది. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు వుండడానికి వీల్లేదే!

పాఠకుల్లో అచ్చాఫీసు ఎరిగినవాళ్ళకి ఇది వెంటనే తట్టవచ్చు. 'వై' రాయడంలో వకారానికి పైన ఎత్వం పెట్టి, కింద తోక తగిలిస్తాము. కంపోజిటరు ఐత్వాన్ని ఒకే దిమ్మగా పెట్టవచ్చు, ఎత్వం ఒకటి తోక ఒకటి రెండు దిమ్మలుగానూ పెట్టవచ్చు. అచ్చులో తేడా తెలియదు. యూనికోడు లిపిలో కూడా సరిగ్గా ఇంతే. ఐత్వానికి ఒకే సంకేతం వుంది, ఎత్వమూ తోకా అని రెండుగా విడదీసిన రూపమూ వుంది. మన గుణింతాల్లో ఇలా విడివడేది ఐత్వమొక్కటే. పాత మాక్ డిస్కులు పేర్లను విడదీసి దాచుకునేవి. విండోస్‌లో కొట్టినది విడదీయకుండా వుంటుంది. కంటికి ఒకటి, పెట్టెకి రెండు. ఐత్వం లేని ఫోల్డర్లకి ఈ బెడద లేదు. రెండు వైశాఖాల్లో ఉన్నదేమిటో పోల్చిచూసి, ఒకదాన్ని తీసేశాము.

అన్నీ వచ్చాయో లేదో తేల్చుకోవడం మిగిలింది. ఆర్‌సింక్ మామూలుగా ఫైలు పరిమాణమూ, తేదీ చూసి సరేనంటుంది. లోపలి అక్షరం చూడదు. నేను ఆ రాత్రి రెండు వైపులా ప్రతి ఫైలునూ చదివించి, చెక్‌సమ్ తీయించి పోల్చాను. మూలప్రతితో ప్రూఫు చదవడం లాంటిది అనుకోండి. తేడా రెండు ఫైళ్ళలో వచ్చింది. నా గుండె జారింది. తీరా చూస్తే రెండూ కుర్రవాడివే. కాపీ జరుగుతూ వుండగా వాడు పాత పెట్టెలో ఆ ఆల్బమునే దిద్దుతూ కూర్చున్నాడట! ఆ రెండూ మళ్ళీ తెచ్చుకున్నాము.

ఇప్పుడు మా చిన్న పెట్టె. చెరిగిన 4 టెరాబైట్లను తెనాలి నుంచి ఇంటర్నెట్టులో పంపాలంటే సెకండుకి 40 మెగాబిట్ల వేగాన తొమ్మిది రోజుల పైమాటే. అన్నాళ్ళు ఆగే ధైర్యం నాకు లేదు. మర్నాడు చిన్న పెట్టెని తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని పాసింజరు బండిలో తెనాలి తెచ్చాను. పక్కనున్న పెద్దాయన "దేవుడి పెట్టా, నాయనా?" అని అడిగారు. అవునన్నాను. కొత్త పెట్టె పక్కన పెట్టి నింపి, రాత్రి ఏర్పాటుకి హద్దు పెట్టి, చిన్నదాన్ని స్నాప్‌షాట్లు దాచుకునే రకంతో మార్చి, నాలుగోరోజు గుంటూరు తీసుకుపోయాను. ఇంటికి చేరాక అందులోంచి ఆ 2012 ఫోటో తెరిచి చూశాను. కడుగుతున్న కాళ్ళు, తలెత్తిన ముఖం, నవ్వు, అన్నీ వున్నాయి.

పాత పెట్టెని బావగారు పాతసామాన్లవాడికి రెండు వేలకి బేరం పెట్టారు. డిస్కులు తుడవకుండా ఇస్తే ఊళ్ళో సగం మంది పెళ్ళిళ్ళు వాడికి యిచ్చినట్టేనని చెప్పాను. ఫైళ్ళు చెరిపినంత మాత్రాన డిస్కు మీద అక్షరం చెరగదు గదా. అక్కయ్య ఇంకేమీ వినకుండా దాన్ని తీసుకుపోయి చీరల బీరువాలో పెట్టి తాళం వేసింది. ఈ సంవత్సరం గడిచేదాకా తాళంచెవి ఇవ్వనన్నది.

చిన్న పెట్టెని రైల్లో ఎందుకు తెచ్చావని బావగారు అడిగితే, 'వేగం కోసం' అని చెప్పాను. ఆదివారం తెల్లవారి మా యింట్లో చూసిన సంగతి ఇప్పటికీ ఆయనకి తెలియదు. అక్కయ్యకి మాత్రం చెప్పాను. కూర్చున్నవాళ్ళు చదువుకోవడానికని ఈ పత్రిక ప్రతివారమూ స్టూడియో బల్ల మీద వేసి వుంటుంది. ఈ వారం సంచిక బల్ల దాకా రాకుండా చూసే పూచీ తనదని అక్కయ్య మాటయిచ్చింది. గాజుల సంగతి నేను ఇంకెవరికీ చెప్పకూడదని షరతు పెట్టింది.